ముత్తాత ట్రంకు పెట్టెలో ఇత్తడి సీసా, మూడు లూపుల తాడు: త్రీ నాట్ త్రీ సామాను తెలిసినవాళ్ళు చెప్పండి

గూడెం కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. పక్కనే మిలటరీ మాధవరం ఉంది కదా, మా వైపు పాత ఇళ్ళల్లో ఫౌజు సామాను బయటపడటం పెద్ద వింతేం కాదు. మా ముత్తాత గారు మద్రాస్ సాపర్స్‌లో (ఫౌజులో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) పనిచేశారు, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్ళి ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషి. పోయిన నెల పాత ఇల్లు పడగొట్టే ముందు అటక ఖాళీ చేస్తుంటే ఆయన ట్రంకు పెట్టె దొరికింది. కాగితాలన్నీ చెదలు తినేశాయి, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. కానీ అడుగున రెండు వస్తువులు మిగిలాయి.

మొదటిది ఇత్తడి సీసా. బొటనవేలంత లావు ఉంటుంది. మూత మీద చెయ్యి జారకుండా సన్నటి గీతలు చెక్కి ఉన్నాయి. మూత తిప్పి పైకి లాగితే దానికే బిగించిన ఒక పుల్ల లాంటిది బయటికొస్తుంది, దాని చివర చిన్న చెంచాలా ఉంది. మూత లోపల తోలు బిళ్ళ ఎండిపోయి అప్పడంలా అయింది. ఇంట్లో అందరూ దీన్ని నశ్యం డబ్బా అనుకునేవారట, తర్వాత మా నాయనమ్మ చాలా ఏళ్ళు కుట్టు మిషన్ నూనె పోసుకుని వాడింది.

రెండోది తాడు. ఒక చివర ఇత్తడి గుండు, సన్నగా పొడుగ్గా ఉంది, పెన్సిల్ మందం కూడా లేదు. రెండో చివర వరుసగా మూడు లూపులు. నాన్నగారు వలకు కట్టే గుండేమో అన్నారు గానీ వలకు సీసం కడతారు, ఇత్తడి ఎవరు కడతారు?

నెట్‌లో వెతికితే తాడు పేరు పుల్‌త్రూ అనీ, లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ (మన త్రీ నాట్ త్రీ) బ్యారెల్, అంటే గొట్టం, తుడిచేదనీ, సీసా ఆ రైఫిల్ బట్ (భుజానికి ఆనించే చెక్క భాగం) లోపల పెట్టుకునే నూనె సీసా అనీ తెలిసింది. అంతే, అక్కడితో దారి మూసుకుపోయింది. రైఫిల్ గురించి ఎంత కావాలంటే అంత ఉంది. తాడు గురించి అడిగితే "బ్యారెల్ శుభ్రం చేయుటకు" అని ఒక్క ముక్క. నాకు కావాల్సింది ఇదీ: లూపులు మూడెందుకు, ఒకటి చాలదా? సీసాకి చుక్కలు వేసే ముక్కు పెట్టకుండా చెంచా ఎందుకు పెట్టారు? ఇది ఇండియాదా ఇంగ్లండుదా అని ఎలా కనుక్కోవాలి? ఇంకోటి, సీసా నల్లబడిపోయింది, నాయనమ్మ చింతపండు పెట్టి తళతళా తోమేస్తానంటోంది. తోమొచ్చా? తొందరగా చెప్పండి, ఆవిడ ఆగేలా లేదు.

ఎన్‌సీసీ పాత బ్యాచ్:

తమ్ముడూ, నీ పోస్టు చదువుతుంటే గ్రౌండులో కూర్చుని రైఫిళ్ళు తుడిచిన రోజులు గుర్తొచ్చాయి. మేం కాలేజీలో ఉన్నప్పుడు క్యాంపులో త్రీ నాట్ త్రీలే ఇచ్చేవారు. సాయంత్రం అందరికీ పుల్‌త్రూ, నూనె సీసా, చిందీ పంచేవారు. చిందీ అంటే ఆ తాడు లూపులో పెట్టి లాగే గుడ్డ ముక్క. కొలత కూడా గట్టిగా చెప్పేవారు: పొడిగా తుడవడానికి నాలుగంగుళాలకి రెండు, నూనె రాయడానికి నాలుగంగుళాలకి ఒకటిన్నర. కొలత తేడా వస్తే హవల్దార్ గారు ఊరుకునేవాడు కాదు.

లూపుల సంగతి నాకు తెలిసినంతలో ఒకటి చిందీకి, ఒకటి తీగ జాలీకి, చివరిది పని అయ్యాక మేకుకు తగిలించుకోవడానికి. మేమైతే అలాగే తగిలించేవాళ్ళం.

రిటైర్డ్ ఆర్మరర్:

బాబూ, ఇరవై నాలుగేళ్ళు ఆయుధాల మరమ్మతు పని చేశాను, అందులో మొదటి కొన్నేళ్ళు త్రీ నాట్ త్రీల మీదే గడిచాయి. పైన చెప్పిన తమ్ముడు చిందీ కొలతలు సరిగ్గా చెప్పాడు. మూడో లూపు మాత్రం మేకు కోసం కాదు. ఎన్‌సీసీలో చాలామంది అలా తగిలించేవారు, అది వేరే సంగతి.

ముందు ఆ తాడు ఎలా నడుస్తుందో చెప్తాను, అప్పుడు లూపులు వాటంతటవే అర్థమవుతాయి. బోల్ట్ (తూటాని లోపలికి తోసి వెనక మూసే కడ్డీ) తీసేసి, రైఫిల్ మూతి కిందికి ఉండేలా పట్టుకుని, గుండును వెనక ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) లోంచి వదలాలి. గుండు తన బరువుకు తనే జారి మూతిలోంచి బయటపడుతుంది. అందుకే అది పెన్సిల్ కంటే సన్నగా ఉంది, ఆ బ్యారెల్ రంధ్రం 7.7 మిల్లీమీటర్లే మరి. తూటా వెళ్ళే దారిలోనే గుడ్డ కూడా వెళ్ళాలి, వెనక నుంచి ముందుకి. ఎదురు లాగితే మురికంతా తెచ్చి ఛాంబర్‌లో, మ్యాగజైన్‌లో పోసినట్టే.

గుండుకు దగ్గరగా ఉన్న మొదటి లూపు తీగ జాలీకి. తుప్పు గానీ మొండి మురికి గానీ పట్టినప్పుడే జాలీ వాడాలి, అదీ పైవాళ్ళ అనుమతితోనే, ఎందుకంటే రోజూ జాలీ లాగితే బ్యారెల్ లోపలి గాళ్ళు అరిగి తుపాకీ గురి పోతుంది. ఆ జాలీ బిగించడం ఒక పనితనం. చిన్న ముక్కని పాము మెలికలా రెండు వంపులుగా మడిచి, లూపు తాడుని విడదీసి ఒక్కో పోగుని ఒక్కో వంపులో పెట్టి, రెండు వైపుల నుంచీ చాప చుట్టినట్టు గట్టిగా చుట్టుకుంటూ రావాలి. రెండు చుట్టలూ మధ్యలో కలిసేసరికి బ్యారెల్‌కి సరిగ్గా పట్టే కండె తయారవుతుంది. కొత్త కుర్రాళ్ళకి ఇది నేర్పడానికి ఒక పూట పట్టేది.

రెండో లూపు చిందీకి. మూడోది, అంటే అందరికంటే వెనక ఉండేది, గుడ్డ మధ్యలో ఇరుక్కుపోతే వెనక్కి లాగడానికి. చిందీ మందం ఎక్కువైనా, లాగేటప్పుడు మధ్యలో ఆగినా బిగుసుకుపోతుంది. అప్పుడు ముందుకి బలవంతంగా లాగితే తాడు తెగుతుంది. తాడు తెగి గుడ్డ లోపల ఉండిపోయిందంటే ఆ రైఫిల్ మా దగ్గరికి రావాల్సిందే. ఒక తూటా పేల్చి దాన్ని బయటికి తోసేద్దాం అనుకుంటే బ్యారెల్ ఉబ్బిపోతుంది, మనిషికీ ప్రమాదమే. అలా ఉబ్బిన బ్యారెల్ ఒకటి నా చేతుల్లోకే వచ్చింది. బయట నుంచి కంటికి ఆనలేదు గానీ వేలితో తడిమితే ఒక చోట చిన్న బుడిపెలా తగిలింది. అందుకే తాడుకు ఆ మూడో లూపు.

ఇంకొక మాట. తాడుని నిటారుగా లాగాలి. పక్కకి వంచి లాగితే మూతి అంచుని తాడు కోసేస్తుంది. తాడు ఇనుముని కోస్తుందా అని నవ్వకండి. మీ ఊళ్ళో పాత నూతి దగ్గరికెళ్ళి చూడండి, చేద తాడు రాసుకుని రాసుకుని ఒర రాయి మీద గాళ్ళు పడి ఉంటాయి. తాడుకు ఇసుక అంటితే అది ఆకురాయితో సమానం. మూతి దగ్గర ఒక పక్క అరిగితే తూటా పక్కకి పోతుంది. పాత రైఫిల్ తనిఖీకి వస్తే మేం ముందు చూసేది మూతినే.

సీసా విషయం. బట్ వెనక ఇత్తడి పట్టీలో చిన్న తలుపు ఉంటుంది, అది తెరిస్తే చెక్క లోపల తొలిచిన గూడు, తాడూ సీసా రెండూ అందులోనే. సిపాయి రోజంతా పరిగెడతాడు, దూకుతాడు, రైఫిల్ నేలకి కొట్టుకుంటుంది. ముక్కున్న సీసా అయితే నూనె కారి చెక్క నానిపోదూ? ఇది మర మూత, కింద తోలు బిళ్ళ, ఎక్కడా సందు లేదు. మూత తీస్తే చెంచాకి ఎంత అంటిందో అంతే నూనె, బోల్ట్ మీద చుక్క, బోల్ట్ తల దగ్గర చుక్క, అయిపోయింది. సీసా ఒంపితే కుర్రాళ్ళు సగం కింద పోసేస్తారు.

వెతికే దారి కూడా చెప్తాను. నువ్వు ఆయిల్ బాటిల్ అని వెతికి ఉంటావు. బ్రిటిష్ స్టోర్స్ లెక్కల్లో వస్తువు పేరు ముందు రాసి దాని రకం తర్వాత రాస్తారు. "బాటిల్, ఆయిల్", "పుల్‌త్రూ, సింగిల్" అలా వెతికి చూడు, ఫలితాలు మారిపోతాయి. రైఫిల్ సేకరించేవాళ్ళు రాసినవి కాకుండా సిపాయికి పాఠం చెప్పే పుస్తకాలు చదువు. స్మాల్ ఆర్మ్స్ ట్రైనింగ్ మొదటి సంపుటిలో మూడో చిన్న పుస్తకం రైఫిల్ మీదే, 1942లో కూడా అచ్చయింది. సామానులో మార్పు చేసినప్పుడు లిస్ట్ ఆఫ్ ఛేంజెస్ అని పేరా నంబరు వేసి అచ్చువేసేవాళ్ళు, అందులో ఇలాంటి చిన్న వస్తువులకి కూడా చోటుంటుంది.

గూడెం కుర్రాడు:

అంకుల్, మీకు చేతులెత్తి దండం. మీ రిప్లై చదివి తాడు తీసుకెళ్ళి కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి చూశాను. మీరు చెప్పింది తాడు మీదే రాసి ఉంది! మధ్య లూపు నూనె పట్టి నల్లగా, జిడ్డుగా, లోపలి అంచు నలిగిపోయి పీచు లేచి ఉంది. మొదటి లూపులో రెండు మూడు పోగులు ఏదో గరుకుది కోసినట్టు తెగి ఉన్నాయి, తీగ జాలీ పనే అయ్యుండాలి. మూడో లూపు మాత్రం అప్పుడే అల్లినట్టుంది, తాడు అసలు రంగు అక్కడే కనిపిస్తోంది. అంటే మా ముత్తాత గారికి గుడ్డ ఇరుక్కోవడం అనేది దాదాపు జరగలేదన్నమాట. ఎనభై ఏళ్ళ కింద ఆ మనిషి చేతి పని ఎలాంటిదో ఈ తాడు చెప్తోంది, నాకు గొంతు పట్టేసినట్టయింది.

ఇంకో సందేహం. నాయనమ్మ చెప్పింది, ఆయన బర్మా కబుర్లు చెప్పేటప్పుడు "తుపాకీకి వేణ్ణీళ్ళు పోసేవాళ్ళం" అనేవారట. ఇనుముకు నీళ్ళు పోస్తే తుప్పు కదా, ముసలాయన మరిచిపోయి ఏదో అంటున్నాడని ఇంట్లో పట్టించుకోలేదట. అది నిజమేనా?

కాకినాడ కెమిస్ట్రీ మాస్టారు:

నూటికి నూరు పాళ్ళు నిజం. పిల్లలకి పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

తూటా అడుగున పిన్ను కొట్టే చోట ఒక చిన్న టోపీ ఉంటుంది, ముందు అంటుకునేది అదే. ఆ రోజుల్లో త్రీ నాట్ త్రీ తూటా టోపీ మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే మన వంటింటి ఉప్పుకి అన్నదమ్ముడు. తుపాకీ పేల్చిన ప్రతిసారీ బ్యారెల్ లోపల సన్నటి ఉప్పు పొర పడుతుంది. ఉప్పు గాల్లో తేమ లాక్కుంటుంది. మా కాకినాడలో సముద్రం గాలికి కిటికీ చువ్వలు ఏమవుతాయో మాకు తెలుసు. బర్మా వానాకాలంలో బ్యారెల్ ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇప్పుడు కిటుకు చూడండి. ఉప్పు నూనెలో కరగదు. పేల్చిన వెంటనే చిందీకి నూనె రాసి లాగేస్తే బ్యారెల్ తళతళా మెరుస్తుంది గానీ నూనె కింద ఉప్పు అలాగే కూర్చుని ఉంటుంది. ఉప్పు కరిగేది నీళ్ళలో. అందుకే మరిగే నీళ్ళు గరాటు పెట్టి వెనక నుంచి బ్యారెల్‌లోకి పోసేవాళ్ళు. మరిగే నీళ్ళే ఎందుకంటే ఉప్పు తొందరగా కరుగుతుంది, పైగా ఇనుము చెయ్యి కాలేంత వేడెక్కి లోపలి తడి దానంతటదే ఆవిరైపోతుంది. తర్వాత పొడి చిందీ, ఆ తర్వాత నూనె చిందీ. నూనె చిందీ అర అంగుళం ఎందుకు తగ్గించారో కూడా ఇప్పుడు తెలుస్తుంది. గుడ్డ మరీ బిగువుగా ఉంటే నూనెంతా వెనకే పిండేసి బ్యారెల్‌కి ఏమీ అంటనివ్వదు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైన్యం పుస్తకాలకి ఈ ఉప్పు సంగతి తెలీదు. శుభ్రం చేసిన బ్యారెల్ కొన్ని రోజులకి మళ్ళీ "చెమట పడుతోంది" అనీ, కాలిన మందు ఇనుము రంధ్రాల్లోకి ఇంకిపోయి మెల్లగా బయటికొస్తోందనీ అనుకునేవారు. అసలు దొంగ టోపీలోని ఉప్పేనని తేలింది 1920లలో. కారణం తెలియకముందే విరుగుడు కనిపెట్టేశారన్నమాట, వేడి నీళ్ళ పద్ధతి అంతకు ముందు నుంచే ఉంది. మీ ముత్తాత గారు ఏమీ మరిచిపోలేదు.

ఆ నూనె గురించి కూడా ఒక ముక్క. పాత బ్రిటిష్ కాగితాల్లో రైఫిల్ నూనెని రంగూన్ ఆయిల్ అని రాసేవారు. బర్మా చమురు రంగూన్ మీదుగా వచ్చేది కదా. మా గోదావరి జిల్లాల నుంచీ, విశాఖ వైపు నుంచీ ఎంతమంది పొట్ట చేత పట్టుకుని అదే రంగూన్ వెళ్ళారో, అక్కడ తెలుగువాళ్ళకి కోరంగీలని పేరే పడిపోయింది. 1942 ఏప్రిల్‌లో జపాన్ సైన్యం వస్తోందని బర్మాలోని యెనాంగ్యాంగ్ చమురు బావుల్ని బ్రిటిష్ వాళ్ళే ధ్వంసం చేశారు. ఆ ఏడాదే మనవాళ్ళు వేలమంది పిల్లాపాపలతో అడవుల్లో నడిచి వచ్చారు. నూనె సీసా దగ్గర మొదలుపెట్టి ఎక్కడికో వెళ్ళాను, క్షమించండి, మా పెదతాత కుటుంబం కూడా ఆ నడకలో ఉంది.

లోహం పని:

నేను మ్యూజియం వస్తువుల కన్జర్వేషన్ పని, అంటే అవి పాడవకుండా కాపాడే పని చేస్తాను. గూడెం కుర్రాడు గారూ, దయచేసి ముందు నాయనమ్మ గారి దగ్గర్నుంచి ఆ సీసా తీసుకోండి! చింతపండులో ఉండే పులుపు నల్లటి పొరతో పాటు ఇత్తడిని కూడా కొంచెం తినేస్తుంది, పైగా పీచుతో రుద్దితే అచ్చు గుర్తులు అరిగిపోతాయి. ఆ గుర్తులు అసలే లోతు తక్కువ. రెండుసార్లు తోమితే చాలు, ఎవరు చేశారో చెప్పే ఆధారం పోతుంది. పొడి మెత్తటి నూలుగుడ్డతో తుడవండి, అంతకుమించి వద్దు. మూత లోపల తోలు చుట్టూ ఆకుపచ్చగా మైనంలా ఏదైనా ఉంటే అది పాత నూనె, తోలు, రాగి కలిసి తయారైనది, వెదురు పుల్లతో నెమ్మదిగా గీకేయండి, ఇనుప వస్తువు తగలనివ్వొద్దు. తోలుకి నూనె రాసి మెత్తబరచాలని చూడొద్దు, మూత గట్టిగా బిగించొద్దు, బిళ్ళ పగిలిపోతుంది. తాడు ఉతకొద్దు. మీరు కిటికీ దగ్గర చూసి చెప్పిన నలుపూ జిడ్డూ ఉన్నాయే, దాని విలువంతా అక్కడే ఉంది. బిగించి చుట్టకుండా వదులుగా పెట్టి తెల్లటి నూలుగుడ్డలో ఉంచండి.

గుర్తులు కనపడకపోతే భూతద్దం కంటే మంచి ఉపాయం ఉంది. పల్చటి కాగితం సీసా అడుగున, మూత మీద, పక్కల్లో ఆనించి మెత్తటి పెన్సిల్ అడ్డంగా పెట్టి తేలిగ్గా రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద చేసేవాళ్ళం చూడండి, అదే. బాణం మొనలా మూడు గీతలు కనిపిస్తే ప్రభుత్వ సామాను అని గుర్తు. బాణం కింద ఇంగ్లీషు ఐ అక్షరం ఉంటే ఇండియా సర్కారుది.

రిటైర్డ్ ఆర్మరర్:

లోహం పని అమ్మాయి చెప్పింది అక్షరాలా పాటించు బాబూ. ఇంకో సంగతి, ఇత్తడి సీసా కాబట్టి మొదటి యుద్ధానిదే అనుకోవద్దు. ఆ ఆకారం మొదటి యుద్ధానికి ముందు నుంచి రెండో యుద్ధం దాకా నడిచింది. రెండో యుద్ధంలో ఇత్తడి మిగల్చడానికి ప్లాస్టిక్‌వి కూడా చేశారు గానీ ఇత్తడివి వాడకంలోంచి పోలేదు. ఇండియన్ ఆర్మీ చేతుల్లో బర్మాలో ఎక్కువగా ఉన్నది మన ఈషాపూర్ ఫ్యాక్టరీ రైఫిళ్ళే. ఆకారం చూసి ఏడాది చెప్పలేం, గుర్తే చెప్పాలి.

గూడెం కుర్రాడు:

రెండు రోజులు ఆలస్యమైంది, అందరూ ఏమనుకోవద్దు. సీసా కాపాడాను. నాయనమ్మ అప్పటికే చింతపండు నానబెట్టేసింది, ఆ రోజు ఇంట్లో పులిహోర అయింది.

పెన్సిల్‌తో రుద్దాను. పక్కల్లో ఏమీ రాలేదు. మూత మీద ఏవో అక్షరాలు సగం సగం. అడుగున మాత్రం మూడోసారి రుద్దినప్పుడు మెల్లగా తేలింది, బాణం మొన, దాని కింద నిలువుగా ఒక గీత, పైనా కిందా చిన్న అడ్డగీతలతో. ఐ అక్షరమే. కాగితం ఫోటో తీసి పెట్టుకున్నాను.

కానీ అసలు సంగతి ఇది కాదు. ఆ కాగితం నాయనమ్మకి చూపిస్తూ ఇక్కడ మీరందరూ రాసినవి చదివి వినిపించాను. చిందీ అన్న మాట రాగానే ఆవిడ ఆపమంది. "ఆ మాట మీకెలా తెలుసురా, అది మా మావగారి మాట కదా" అంది. ఆవిడ కోడలిగా వచ్చిన కొత్తల్లో ఆయన పాత పంచెలు పారెయ్యనిచ్చేవారు కాదట. అరుగు మీద కూర్చుని కత్తెరతో చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, అన్నీ ఒకే కొలతలో, కట్ట కట్టి మేకుకు తగిలించేవారట. సైకిల్ గొలుసుకి, లాంతరు గాజుకి, పంపు సెట్టుకి, దేన్ని తుడవాలన్నా వాటిలోంచి ఒకటి తీసేవారు. ఒక చిందీ ఇవ్వమ్మా అనేవారట. చించిన గుడ్డ కాబట్టి చిందీ అంటున్నారు, ఆయన సొంతంగా పెట్టుకున్న పేరు అని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఇప్పటికీ మా ఇంట్లో మసిగుడ్డని చిందీ అనే అంటాం. నేనూ అదే అంటాను, ఇన్నేళ్ళూ అది తెలుగు మాటే అనుకున్నాను.

కొలత ఎంత ఉండేది నాయనమ్మా అని అడిగితే ఆవిడ ఏమీ చెప్పకుండా చెయ్యి చాపి గాల్లో చూపించింది. వెంటనే స్కేలు పెట్టి కొలిచాను. పొడవు నాలుగంగుళాలకి కొంచెం ఎక్కువొచ్చింది, వెడల్పు రెండు.